పాత పెట్టెలోని చేప

పొద్దున లేవగానే మా మరిది కెపుయేలి చేసే మొదటి పని కంప్యూటర్ మీట నొక్కడం. నొక్కి, దాని మానాన దాన్ని వదిలేసి, పందులకు మేత వేసి, ముఖం కడుక్కుని, టీ కాచుకుని, గ్లాసుతో వచ్చి దాని ముందు కూర్చునేవాడు. అప్పటికీ అది పూర్తిగా లేచేది కాదు. లోపలి ఫ్యాను చేపల పడవ ఇంజనులా మూలుగుతూ ఉండేది. "ముసలోళ్ళం కదా వదినా, మా ఇద్దరికీ లేవడానికి టైం పడుతుంది" అనేవాడు. నేను అతని భార్య మిలికాకు అక్కని. నా ఇల్లు వాళ్ళ ఇంటి వెనకే. కాబట్టి ఆ మూలుగుతోనే నాకూ తెల్లారేది.

టోంగాలో పెద్ద దీవికి తూర్పు కొసన ఉన్న మా ఊళ్ళో కెపుయేలి చర్చి గాయక బృందానికి గురువు. తండ్రి తర్వాత ఆ పని ఇతనికి వచ్చింది. జీతం లేదు, పెండలం తోటే అతని బతుకు. పాటలు రాయడమూ, మా నలభై గొంతుల్ని ఒక దారిన పెట్టడమూ, పాట చెడితే ఊరందరి తిట్లూ తినడమూ అతని వంతు. మాకు స్వరాలంటే అంకెలు. మూడు దగ్గర మొదలై తొమ్మిది దగ్గర ఆగుతాయి. అర స్వరం కావాలంటే అంకె మీద అడ్డగీత కొడతాం. ఇక్కడ చంటిపిల్లలు లెక్కలకంటే ముందు ఈ అంకెలు పాడతారు.

ఆ అడ్డగీత అంకెలు మామూలు కంప్యూటర్‌లో రావు. బడిలో లెక్కలు చెప్పే పౌలా అనే ఆయన కూర్చుని కూర్చుని, వీటికోసమే ఒక ఫాంటు తయారుచేసి కెపుయేలి పెట్టెలో పెట్టాడు. వేళాకోళానికి అందులో ఒక చిన్న చేప బొమ్మ కూడా పెట్టాడు. ఇదెందుకయ్యా అంటే, "మీ మగాళ్ళు నోరు మూసుకోవాల్సిన చోట పెట్టుకో, చేప మాట్లాడదు కదా" అన్నాడట. తర్వాత పౌలా పోయాడు. ఆ ఫాంటు ఆ ఒక్క పెట్టెలోనే మిగిలింది. చేపను మాత్రం కెపుయేలి ఏ పాటలోనూ వాడలేదు.

మా మిలికాది ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, నాదీ అదే. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. దానికి ఒక జబ్బుండేది. ఆల్టోలు ఎత్తుకోవాల్సిన ప్రతిచోటా అది ఒక్క ఊపిరి ఆలస్యంగా వచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. బృందమంతా దాన్ని ఏడిపించేది. కెపుయేలి కోపంగా కర్రతో బల్ల మీద కొట్టేవాడు, అది పళ్ళికిలించేది. మిలికా చనిపోయాక కెపుయేలి కొన్నాళ్ళు మీట నొక్కలేదు. ఆ తర్వాత నొక్కి, ఒక పెద్ద పాట మొదలుపెట్టాడు. రెండేళ్ళు రాశాడు. మా చర్చి మహాసభల ముందు జరిగే గానాల పోటీకి అది తయారవ్వాలి. పోటీ పాట సాధన మొదలయ్యేదాకా ఎవరికీ చూపించకపోవడం మా రివాజు. నాకు మాత్రం ఒకరోజు తెర మీద చూపించాడు.

సముద్రం మీద తుఫాను. నాలుగు గొంతులూ ఒకదాని మీద ఒకటి ఎగబడతాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆగినచోట ఆ చేప ఉంది.

"ఇక్కడ అందరూ ఊరుకోవాలి వదినా. నేను చెయ్యి దించేదాకా. ఆ తర్వాత మీ ఆల్టోలే లేస్తారు, మిగతా గొంతులుండవు."

"చెయ్యి ఎప్పుడు దించుతావు?"

"మిలికా వచ్చేంతసేపు ఆగి దించుతాను."

నాకు ఏడుపొచ్చింది. అది కనిపించకుండా, "రెండేళ్ళు కూర్చుని ఒక్క చేప పట్టావన్నమాట" అని దెప్పి, ఇంటికొచ్చేశాను.

సాధన మొదలుపెట్టాల్సిన రోజులు దగ్గర పడుతుండగా పెట్టె మొరాయించింది. పనిచేస్తూ చేస్తూ తెర నల్లబడేది. తనంతట తనే మళ్ళీ లేచేది. ఉప్పుగాలికి ప్రింటరు అప్పటికే బిగుసుకుపోయింది, కాబట్టి కాగితం మీద పాట లేదు. కెపుయేలి పెట్టెను పాత చాపలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, బస్సులో రాజధానికి తీసుకెళ్ళాడు. అక్కడ రిపేర్లు చేసే ఫిలిమోనె మూత విప్పి లోపలి చీమల్ని ఊదేసి, రెండు దారులు చెప్పాడు. పవర్ సప్లై మార్చి, కాస్త మెమొరీ వేసి, సరుకంతా కొత్త డిస్కులోకి ఎత్తితే ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. లేదా కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు. "కానీ తాతా, నీ అంకెలు కొత్తదాంట్లో కనిపిస్తాయని నేను మాటివ్వలేను" అన్నాడు.

ఆ సాయంత్రం హాల్లో పాట మానేసి దీనిమీద పడ్డాం.

"కొత్తది కొనెయ్యండి గురువుగారూ. పాటలు గట్టిగా వినబడేలా స్పీకర్లు కూడా వస్తాయి" అన్నారు మగవాళ్ళలో పై గొంతు పాడే టెనార్లు.

"మీ గొంతులు చాలవా, మళ్ళీ స్పీకర్లు కూడానా?" అన్నాను.

"పాతది పాతదే. మా నాన్న పడవకి పలకలన్నీ మార్చాం, పడవ మాత్రం అదే" అన్నాడు కింది గొంతు పాడే బాసుల్లో ఒకడు.

"అందుకే మునిగింది" అన్నాడు పక్కవాడు.

కెపుయేలి నవ్వలేదు. పాతదాన్ని బాగుచేయిద్దామంటే మధ్యలో ఏదన్నా అయిపోతుందేమోనని భయం. కొత్తది కొందామంటే అంకెలు పోతాయేమోనని భయం. తల పట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా అలాంటప్పుడు ఓఫెయినా వచ్చింది.

ఓఫెయినా కెపుయేలి అక్క సెయిని కూతురు. ఆక్లండ్‌లో కంప్యూటర్ల చదువు చదివి వచ్చి రాజధానిలో ఆఫీసులో పనిచేస్తోంది. పక్కూరి బృందం గురువు లిసియాతెను చేసుకుంది. మా అందరికంటే బాగా ఆ పిల్లకు అంకెలు నేర్పింది కెపుయేలే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముక్కు తుడుస్తూ నేర్పాడు. అదొక్కటే కాదు. మాలో మేనకోడలంటే మేనమామకు దేవుడి తర్వాత దేవుడు. అతని ఇంట్లో ఏ వస్తువు మీద ఆమె కన్ను పడితే అది ఆమెది. అడిగితే కాదనకూడదు. అడక్కుండా తీసుకెళ్ళినా ఎందుకని అడక్కూడదు. పెళ్ళికైనా చావుకైనా పెద్ద చాప మీద కూర్చునేది ఆమే. ఈ హక్కునీ, అది ఉన్న మనిషినీ ఫాహు అంటాం. దీన్ని తప్పుపట్టే మనిషిని మా దీవిలో నేను చూడలేదు.

"మావయ్యా, ఇంత చిన్న విషయానికి దిగులెందుకు? పెట్టె నాకిచ్చెయ్యి. బాగుచేయించాలో మార్చాలో నేను తేలుస్తా" అంది.

కెపుయేలి మొహం విప్పారింది. "నువ్వుండగా నాకేంటి తల్లీ" అని, మళ్ళీ అదే చాపలో చుట్టి, తనే కారు దాకా మోసుకెళ్ళి వెనక సీట్లో పెట్టాడు. కదలకుండా రెండువైపులా దిళ్ళు పెట్టాడు. ఒక కాపీ తీసుకోరాదా అని నేను గొణిగితే, "ఫాహు చేతికిచ్చి రసీదు అడుగుతామా వదినా?" అని నన్నే కసిరాడు.

కొన్నాళ్ళకు ఆ పిల్ల తిరిగొచ్చింది. చేతిలో కొత్త కంప్యూటర్ అట్టపెట్టె ఉంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా కళ్ళతో చూశాను, నిజం నీళ్ళే.

"పోయింది మావయ్యా. డిస్కు కాలిపోయింది. ఏమీ మిగల్లేదు. మొత్తం పోయింది. పెట్టె కూడా పారేశారు."

కెపుయేలి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని ఆ పిల్ల తల నిమిరి, "ఏడవకు. నీ తప్పేముంది? ముసలిదైపోయింది, పోయింది" అని అతనే ఓదార్చాడు. అక్కడితో ఆగలేదు. లోపలికెళ్ళి మిలికా పెళ్ళినాటి సన్నచాప తెచ్చాడు. మా అమ్మ దాన్ని అల్లడానికి కళ్ళు పోగొట్టుకుంది. కొత్త కంప్యూటర్ తెచ్చినందుకు, తనకోసం అంత కష్టపడినందుకు, ఆ చాప ఓఫెయినా చేతుల్లో పెట్టాడు. ఆ పిల్ల రెండు చేతులా తీసుకుని తలకు తాకించుకుంది. నాకు ప్రాణం గిలగిల్లాడింది కానీ నోరెత్తలేదు. ఇవ్వాల్సిన మనిషికే ఇచ్చాడు మరి.

పాట మళ్ళీ రాయమన్నాం. కూర్చున్నాడు. అసలు వరస గుర్తుంది గానీ, లోపలి గొంతులు ఎక్కడ ఎలా అల్లాడో గుర్తు రాలేదు. రెండేళ్ళపాటు తీసి, చెరిపి, మళ్ళీ పెట్టిన అంకెలు. ఆ వయసులో, ఆ దుఃఖంలో ఎవరికి గుర్తుంటాయి? కొత్త కంప్యూటర్ చిటికెలో లేచేది. టీ కాచుకునే వ్యవధి కూడా ఇచ్చేది కాదు. లేచి, ఖాళీగా వెలుగుతూ ఉండేది. చివరికి పోటీకి వాళ్ళ నాన్న రాసిన పాత పాటే దుమ్ము దులిపాం.

పోటీ మధ్యాహ్నం. అందరం తెల్లబట్టలు, నడుముకు మా ఆచారం ప్రకారం కట్టే చాపలు. చర్చి నిండి, జనం కిటికీల బయట కూడా నిలబడ్డారు. చీటీల్లో మాకంటే ముందు పక్కూరి పేరొచ్చింది. లిసియాతె కర్ర ఎత్తాడు. ఓఫెయినా ఆడవాళ్ళ పై గొంతు పాడే సోప్రానోల ముందు వరసలో ఉంది.

మొదటి నాలుగు అంకెలకే నా పక్కనున్న ఆల్టో నా మోచెయ్యి పట్టుకుంది. దానికి తెలియదు, నేను ఉలిక్కిపడితే పట్టుకుంది. తుఫాను లేచింది. బాసులు అలలు అలలుగా వస్తున్నారు, టెనార్లు పైనుంచి కొడుతున్నారు. నేను కెపుయేలి వైపు చూశాను. మోకాళ్ళ మీద అతని వేళ్ళు ఆ అంకెలకు తగ్గట్టు ఆడుతున్నాయి. ప్రతి గొంతుకూ వేరే వేలు. పోయిందనుకున్నది ఒక్కొక్కటే తిరిగొస్తోంది అతనికి. ఆ మొహంలో కోపం లేదు. అదే చూసి నాకు భయమేసింది.

తుఫాను శిఖరానికి చేరింది. ఇక ఆగాలి.

వాళ్ళు ఆగలేదు. నేరుగా ఆల్టోలు ఎత్తుకున్నారు. బజార్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరినట్టు, తుఫాను తోక తొక్కుతూ లేచారు. మిలికాకోసం ఆగాల్సిన చోట ఎవరూ ఆగలేదు. కెపుయేలి వేళ్ళు ఆగిపోయాయి.

తెలియని జనానికి అదీ బాగానే ఉంది. లేచి "మాలియే! మాలియే!" అని మెచ్చుకుంటూ కేకలు పెట్టారు. బహుమతి వాళ్ళకే వచ్చింది. పాట రాసినవారు లిసియాతె అని మైకులో చదివారు. అది మా గురువు పాటేనని నేను గొణగడం విని మా బాసులు లేవబోతే కెపుయేలి చేత్తోనే కూర్చోమన్నాడు.

"అక్కతో చెప్పు, ఊరుకుంటావేంటి?" అన్నాను ఇంటికొస్తూ. కోపంలో నోటికొచ్చిందే గానీ, అది జరిగే పని కాదు. పెళ్ళీడు వచ్చాక మాలో అన్న చెల్లెళ్ళు, అక్క తమ్ముళ్ళు ఒక గదిలో కూర్చోరు. అక్క ఎదుట పడి ఆమె కూతుర్ని నిలదీయడమనేది కెపుయేలి కలలో కూడా చేయడు. ఆ కట్టుబాటు నాకు లేదు. మర్నాడే పక్కూరు బస్సెక్కాను.

ఓఫెయినా ఇంటి పక్కన పనసచెట్టు కింద మా పాత పెట్టె కనిపించింది. పారేశారన్న పెట్టె. మూత లేదు. లోపల గడ్డి వేసుకుని ఒక ఎర్రకోడి పొదుగుతోంది. నన్ను చూసి అది కూడా ఆ పాత ఫ్యానులా గుర్రుమంది. లోపలికెళితే బల్ల మీద లిసియాతె కొత్త కంప్యూటర్ ఉంది. దాని పక్కన వైరు తగిలించిన డిస్కు ఉంది, ఫిలిమోనె మూత విప్పినప్పుడు కెపుయేలి ఎర్ర పెయింటుతో తన పేరు రాయించుకున్న డిస్కు. దాని చిన్న దీపం మిణుకు మిణుకుమంటోంది.

"కాలిపోయినదానికి దీపం వెలుగుతోందేమే?" అన్నాను.

ఓఫెయినా పానికెకెలు, మా పిండివుండలు, నూనెలో వేయిస్తోంది. గరిటె అక్కడే ఆగిపోయింది. "అత్తా, కూర్చో..."

"కూర్చోను. చెప్పు."

"మావయ్య వస్తువు నాది కాదా?" అంది చివరికి.

"నీదే. అడిగితే నీదే. అడక్కుండా ఎత్తుకుపోయినా నీదే. ఈ దీవిలో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు. మరి పోయిందని ఎందుకు చెప్పావు?"

ఆమె వేగుతున్నవాటిని తిప్పకుండా గరిటె పక్కన పెట్టింది.

"పాట అడిగితే మావయ్య నవ్వుతూ ఇచ్చేస్తాడు. కానీ ఇచ్చింది ఆయనే కదా. మైకులో ఆయన పేరే చదువుతారు. లిసియాతెకు రెండేళ్ళ నుంచి ఒక్క పాట కుదర్లేదత్తా. ఊళ్ళో తీసేస్తామంటున్నారు. మాకు పాట ఒక్కటే చాలదు."

"పేరు కూడా కావాల్సొచ్చింది."

"కొత్త కంప్యూటర్ కొనిచ్చాను కదా" అంది, చిన్నపిల్లలా.

"మా చెల్లెలి చాప తీసుకున్నావు కదా" అన్నాను నేను. ఆమె పానికెకెలు నల్లగా మాడిపోయాయి. నేను తినకుండా వచ్చేశాను.

ఇదంతా కెపుయేలికి చెప్పాను. దాచడం నాకు చేతకాదు. అతను పెండలం తీగకు కర్ర కడుతూ విన్నాడు.

"దొంగతనం అక్కర్లేని చోట దొంగతనం చేసింది వదినా" అన్నాడు. "నా ఇంట్లో దానికి తాళమే లేదు. అయినా కిటికీలోంచి దూరింది." తీగను కర్రకు సర్ది, "ఏడ్చింది చూడు, ఆ రోజు. నేను తల నిమిరాను. ఆ ఏడుపు గుర్తొస్తేనే నా కడుపు మండిపోతోంది" అన్నాడు. తాడు ముడి సగంలోనే వదిలేశాడు. నేను వేశాను.

ఆ వారంలోనే హాల్లో నల్లబల్ల తెప్పించాడు. కొత్త కంప్యూటర్ గుడ్డ కప్పుకుని ఇంట్లోనే ఉంది, దాని మీట మళ్ళీ నొక్కలేదు. సుద్దముక్కతో పాట మొత్తం బల్లకెక్కించాడు. పక్కూరివాళ్ళు పాడుతుంటే విన్నాడు కదా, నాలుగు గొంతులూ తిరిగొచ్చాయి. ఒక్కో భాగం రాయడం, మాకు నోటికి వచ్చేదాకా పాడించడం, తుడిచేయడం. ఎవరినీ కాగితం మీద రాసుకోనివ్వలేదు. చేప ఉండాల్సిన చోట బల్ల మీద చేపనే గీశాడు. పౌలా చేప కంటే లావుగా వచ్చింది. మొదటిసారి అక్కడ ఆగి, అతని చెయ్యి చూస్తూ నిలబడినప్పుడు, నా పక్క బెంచీ మీద ఖాళీని నేను చూడలేకపోయాను. చెయ్యి దిగింది. మేం లేచాం.

సరిగ్గా ఆ సాయంత్రమే ఓఫెయినా వచ్చింది. నడుముకు మిలికా సన్నచాప కట్టుకుని ఉంది. పెద్ద కోరిక అడగడానికి వెళ్ళేటప్పుడు అలా మంచి చాప కట్టుకోవడం మర్యాదే, కానీ నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. అందరూ లేచి దారిచ్చారు. కెపుయేలి తనే కుర్చీ తెచ్చి ముందు వేశాడు, తలవంచి, ఎక్కడా లోటు లేకుండా. చేప గీసిన నల్లబల్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"మావయ్యా, మా బృందాన్ని ఆక్లండ్ పిలిచారు. ఆ పాటే పాడమంటున్నారు" అంది తలెత్తకుండా. "పౌలా ఫాంటు మా కంప్యూటర్‌లో పనిచేయక, కాగితం మీద ఒకచోట ఖాళీ గడి వచ్చింది. అడ్డగీత అంకెల్ని చెవితో పోల్చుకున్నాం. ఆ ఒక్కటే అంతుపట్టలేదు. అక్కడి పెద్దాయన ఒకరు చూసి, ఇక్కడేదో ఉండాలి, అది లేకుండా పాడితే పాట కుంటుతుంది అన్నారట. అక్కడేముంది మావయ్యా?"

ఫాహు అడిగింది. పుట్టి బుద్ధెరిగాక కెపుయేలి ఆ పిల్లకు ఏదీ లేదనలేదు. పందులు, చాపలు, పెట్టె, పాట, అన్నీ ఇచ్చాడు. ఇది కూడా ఇచ్చేస్తాడనే అనుకున్నాను. ఇస్తే మిలికా కూడా పోతుంది.

కెపుయేలి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, అరచేత్తో బల్ల తుడిచాడు. మెల్లగా, ఆ చివర నుంచి ఈ చివరకు. తర్వాత ఆమె దగ్గరికొచ్చి, పెట్టె పోయిందని ఆమె చెప్పిన రోజు నిమిరినట్టే తల నిమిరాడు. తెల్ల సుద్ద ఆమె జుట్టుకంటింది.

"పోయింది తల్లీ" అన్నాడు. "ఏమీ మిగల్లేదు. మొత్తం పోయింది."